మావయ్య కాళ్లు, తప్తపాణి నీళ్లు

మా మావయ్యకి రోజంతా కలిపి ముప్పావు లీటరు నీళ్లు. పొద్దున్నే అత్త వాటిని కొలిచి, ఒక సీసాలో పోసి, గూట్లో పెడుతుంది. టీ ఇచ్చిందంటే ఆ సీసాలోంచి అంత నీరు తీసి గుమ్మం పక్కనున్న తులసి మొక్కకి పోసేస్తుంది. అన్నంలో చారు ఎక్కువైన రోజున ఇంకో రెండు గుక్కలు తగ్గుతాయి. రాత్రి పడుకునే వేళకి సీసా అడుగున రెండు వేళ్ల ఎత్తు మిగిలితే ఆ రోజు బాగా గడిచినట్టు లెక్క.

మాది సోంపేట దగ్గర ఒక పల్లె. ఉద్దానం. ఈ పేరు చెప్పగానే "ఓ, కిడ్నీల ఊళ్లా" అంటారు ఎదుటివాళ్లు. కొబ్బరి, జీడి, పనస తోటలతో కళకళలాడి, ఉద్యానం అనే పేరు మోసిన నేల ఇది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో షుగరు లేని మనిషికి, ఏ వ్యసనమూ లేని మనిషికి, నడివయసులోనే కిడ్నీలు పోతున్నాయి. ఎందుకో ఇప్పటికీ ఇదీ అని తేలలేదు. భూగర్భ జలాల్లో సిలికా అన్నారు. పురుగుమందులన్నారు. నీళ్లు తాగకుండా ఎండలో పని చెయ్యడం అన్నారు. నొప్పి మాత్రలన్నారు. శ్రీలంకలో వరి పండించే పల్లెల్లోనూ, మధ్య అమెరికా చెరకు తోటల్లోనూ ఇలాంటి జబ్బే ఉంది, అక్కడా పొలం పని చేసుకునేవాళ్లకే ఎక్కువ. మావాళ్ల అనుమానం మాత్రం మొదటి నుంచీ నీళ్ల మీదే. తాతల నాటి బావి ఉన్న ఇంట్లో కూడా తాగడానికి క్యాను కొనుక్కుంటారు. 2023 డిసెంబరు 14న పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి, హిరమండలం నుంచి వంశధార నీళ్లు తెచ్చే 700 కోట్ల పథకం ప్రారంభమయ్యాయి. మా వైపు జనానికి అది పండగలాంటి రోజు. మావయ్య కిడ్నీలు అప్పటికే పోయాయి. తాగిన నీరు ఒంట్లోనే ఉండిపోతుంది, అందుకే ఆ సీసా లెక్క.

ఆయన కొబ్బరి రైతు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను తోటని పడుకోబెట్టేసింది. మళ్లీ మొక్కలు నాటాడు. అవి నడుం ఎత్తుకి వచ్చేసరికి ఆయన డయాలసిస్ మంచం ఎక్కాడు. ఇప్పుడు ఆయనకి కొబ్బరి నీళ్లు కూడా పనికిరావు. వాటిలో పొటాషియం ఎక్కువ, పాడైన కిడ్నీలు దాన్ని బయటికి పంపలేవు, గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది. సొంత చెట్టు బొండాం పక్కింటివాళ్లకి కొట్టి ఇచ్చి, తను గూట్లో సీసా వైపు చూస్తాడు.

నీళ్లంటే ఇంత లెక్క ఉన్న మనిషి ఒక సాయంత్రం నన్ను పిలిచి, "ఒరే, ఓపాలి నన్ను తప్తపాణి తీసుకెళ్లవా" అన్నాడు.

తప్తపాణి అంటే వేడినీళ్లు. ఒడిశాలో, బరంపురం నుంచి దిగపహండి మీదుగా మోహన వెళ్లే దారిలో, యాభై కిలోమీటర్ల దూరంలో కొండల మధ్య ఉన్న బుగ్గ. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా మా సోంపేట, ఇచ్ఛాపురం, బరంపురం, తప్తపాణి అన్నీ గంజాం జిల్లాలోనే, మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేవి. హద్దు గీసినంత మాత్రాన జనం అలవాటు ఒక్కసారిగా మారదు కదా. మా తాతయ్యకి మోకాళ్ల నొప్పులు. ఏటా కోతలైపోయాక, బియ్యం, పప్పు, చింతపండు, ఒక గిన్నె మూటగట్టి, మామ్మనీ పిల్లల్నీ తీసుకొని తప్తపాణి వెళ్లేవాడట. అక్కడ వారం పది రోజులు ఉండేవారు. పొద్దునొకసారి, సాయంత్రమొకసారి స్నానం. మధ్యలో వంట, నిద్ర, కబుర్లు. మా ఇంట్లో దీనికి ఒక పేరుంది, "గాలి మార్పు". తాతయ్య గాలి మార్పుకి వెళ్లాడు అంటే పనులూ అప్పులూ ఆ పది రోజులు ఆగుతాయని అర్థం. అప్పులవాడు కూడా వచ్చి అడిగేవాడు కాదని మామ్మ చెప్పేది.

నేను ముందు వద్దన్నాను. వంద కిలోమీటర్ల దారి, కొండ రోడ్డు, ఇన్ఫెక్షన్ భయం, మధ్యలో ఆయాసం వస్తే ఎవరు చూస్తారు. అత్త అయితే "ఈ ఒంటితో ఊరేగింపు ఏటి" అని కేకలేసింది. మావయ్య మాతో వాదించలేదు. కాసేపు ఊరుకొని, "మిషనెక్కినకాడ్నించి నాను సూసినవి రెండే ఊళ్లురా. మన ఊరు, ఆసుపత్రి ఊరు" అన్నాడు.

ఆ రాత్రి లెక్క వేశాను. సోమ, బుధ, శుక్ర. వారానికి మూడుసార్లు, సారికి నాలుగు గంటలు, నాలుగేళ్లుగా. 620 సార్లు దాటాయి. గంటలన్నీ కలిపితే నూరు పగళ్లు, నూరు రాత్రులు ఆ మంచం మీదే గడిచాయి. ఇక పోను రాను ఆటో, సూదులు తీశాక వచ్చే నీరసం, ఆ సాయంత్రపు తలనొప్పి, అవేవీ లెక్కలోకి రాలేదు. మధ్యలో ఒక్కసారి కూడా మేమెవరం ఆయన్ని ఆసుపత్రికి తప్ప ఇంకెక్కడికీ తీసుకెళ్లలేదు. మంచి మందులు తెచ్చాం, మంచి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం, వేళకి పింఛను వచ్చేలా కాగితాలన్నీ పెట్టాం. ఒక ఊరు చూపించాలని మాత్రం ఎవరికీ తట్టలేదు.

డాక్టరుగారిని అడిగితే తిట్టలేదు. శనివారం వెళ్లండి అన్నారు, శుక్రవారం డయాలసిస్ అయి ఉంటుంది కాబట్టి ఒంట్లో నీరు తక్కువ ఉంటుంది. వేడినీళ్లలో మునగొద్దు, బీపీ ఒక్కసారిగా పడిపోతుంది. పాదాలు పెట్టుకోవచ్చు, పది నిమిషాలు, అంతే. డయాలసిస్ సూదులు గుచ్చే చెయ్యి తడవనివ్వొద్దు. పాదాలకి పుండ్లూ పగుళ్లూ లేవని ముందే చూసుకోండి. ఆ కాగితం నేను ఇప్పటికీ దాచుకున్నాను. మందుల చీటీల మధ్య, "పాదాలు, 10 నిమిషాలు" అని రాసిన చీటీ అది.

శనివారం తెల్లవారకుండా బయల్దేరాం. తమ్ముడి కారు, ముందు సీట్లో దిండు, బీపీ మిషన్, మందుల డబ్బా, ముప్పావు లీటరు సీసా. ఇచ్ఛాపురం దాటి బాహుదా నది వెనకపడగానే మావయ్య అద్దం దించమన్నాడు. బరంపురంలో ఇడ్లీ బండి దగ్గర ఆగితే బండాయన తెలుగులోనే పలకరించాడు. ఎక్కణ్నించి, ఎవరి తాలూకా అని ఆరా తీశాడు. దిగపహండి తరవాత పొలాలు అయిపోయి కొండలు మొదలయ్యాయి. సాల చెట్ల నీడ రోడ్డు మీద పడుతూ పోతూ ఉంది. మావయ్య ఒక్క మాట మాట్లాడలేదు. ఆసుపత్రికి వెళ్లేటప్పుడూ మాట్లాడడు కానీ, ఆ మౌనం వేరు. అప్పుడు కళ్లు మూసుకొని ఉంటాడు.

కారు దిగగానే వాసన తగిలింది. కుళ్లిన కోడిగుడ్డు వాసన. నేను ముక్కు మూసుకున్నాను. ఆయన గాలి గట్టిగా పీల్చి, "అదేరా! అలగే ఉంది" అన్నాడు. అరవై దాటిన మనిషి మొహంలో పదేళ్ల గుంటడు కనిపించాడు నాకు.

ఊట పుట్టే చోట చిన్న గుండం ఉంది, నీళ్లలోంచి ఆవిరి లేస్తుంటుంది. పక్కనే కంధీ దేవి. అమ్మవారికి కొబ్బరికాయ కొట్టాం. తోట మనిషి కదా, కాయ పీచు మీద వేలు రాసి, ఇది లేత కాయ, ఇంకో నెల ఆగి దింపాల్సింది అన్నాడు. చిప్పలో నీళ్లు నాకిచ్చేసి, తను వేలు తడి చేసుకొని కళ్లకి అద్దుకున్నాడు.

ఆ నీళ్లు ఎందుకు వేడిగా ఉన్నాయని గుండం దగ్గరే అడిగాడు, అమ్మవారి మహిమ అంటారు, నువ్వు చదువుకున్నావు కదా చెప్పు అని. తెలిసినంత చెప్పాను. కొండ మీద పడిన వాన రాతి పగుళ్లలోంచి లోపలికి, ఇంకా లోపలికి దిగుతుంది. భూమిలోకి ఒక కిలోమీటరు దిగితే సుమారు 25 నుంచి 30 డిగ్రీలు వేడి పెరుగుతుంది. అలా కాగిన నీరు ఇంకో పగులు దొరికితే దాని గుండా పైకి ఎగదన్నుకొస్తుంది, దారిలో రాళ్లలోంచి గంధకాన్ని మోసుకొస్తుంది. ఈ వాసన ఆ గంధకపు వాయువుదే. ఇక్కడ అగ్నిపర్వతాలేవీ లేవు. ఒడిశాలోనే ఖుర్దా దగ్గర అత్రి, నయాగఢ్ వైపు తరబాలో, అఠమల్లిక్ దగ్గర దేవులఝరి, ఇలాంటి బుగ్గలు ఇంకా ఉన్నాయి. అంతా విని, "అంటే ఎప్పుడో కురిసిన వాన ఇప్పుడు బయటికొస్తంది" అన్నాడు. నేను అంత అందంగా చెప్పలేకపోయాను.

స్నానాల చోట గట్టు మీద తువ్వాలు పరిచి కూర్చోబెట్టాను. ఎడమ చేతిని ఎప్పటిలాగే గుండె దగ్గరికి మడిచి పెట్టుకున్నాడు. ఆ చేతి గురించి చెప్పాలి. మణికట్టు పైన ధమనినీ సిరనీ కలిపి కుట్టారు, ఫిస్టులా అంటారు. డయాలసిస్ సూదులు గుచ్చేది అక్కడే. లోపల రక్తం జోరుకి సిర తాడులా ఉబ్బి మెలికలు తిరిగి ఉంటుంది. దాని మీద వేళ్లు ఆనిస్తే, గుప్పిట్లో తుమ్మెదని పట్టుకున్నట్టు జుయ్యిమంటుంది. పొద్దున లేవగానే మావయ్య మొదట చేసే పని ఆ జుయ్యిమనేది ఉందో లేదో చూసుకోవడం. ఆగిపోయిందంటే మళ్లీ ఆపరేషన్. ఆ చేత్తో బిందె ఎత్తకూడదు, బీపీ చూడకూడదు, దాని మీద తల పెట్టి పడుకోకూడదు. పొడి తువ్వాలు మడిచి దాని మీద కప్పాను.

కిడ్నీ జబ్బు ముదిరితే పాదాల నరాలు మొద్దుబారతాయి. కాలినా తెలియదు. అందుకని పసిపిల్లకి నీళ్లు పోసే ముందు చూసినట్టు ముందు నా మోచెయ్యి ముంచి చూశాను. వేడి ఓర్చుకోగలిగినంతే ఉంది. ఒక్కో పాదం పట్టుకొని నీళ్లలోకి దింపాను. మడమలు తెల్లగా, పొడిగా ఉన్నాయి. చెప్పు పట్టీ ఉండే చోట నల్లటి చార.

"ఏటీ తెలీట్లేదురా" అన్నాడు.

నాకు గొంతు పట్టేసింది. అంత దూరం తీసుకొచ్చి, ఇంత నీళ్లలో పెట్టి, ఆ మాట వినాల్సి వచ్చింది. ఏం చెప్పాలో తోచక అలాగే పాదాలు పట్టుకొని కూర్చున్నాను. రెండు నిమిషాలో మూడు నిమిషాలో అయ్యాక, "ఆగు, వస్తంది" అన్నాడు. ఎక్కడ అన్నాను. "సీలమండ కాడ. ఎచ్చగా. పైకెక్కుతంది." ఆ తరవాత ఆయన ఏమీ అనలేదు. నీళ్ల వైపు చూస్తూ కూర్చున్నాడు. ఈ నీళ్లు కొలవక్కర్లేదు. ఎన్ని ఉన్నాయో ఎవరికీ లెక్క చెప్పక్కర్లేదు. పది నిమిషాలకి ఫోన్ మోగింది. పాదాలు తీసి తుడిచాను, వేళ్ల సందులు కూడా. కుడి చేతికి బీపీ చూశాను. అంతా సరిగానే ఉంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆ నీళ్లు కిడ్నీని బాగుచెయ్యవు. ఏ బుగ్గా, ఏ పసరూ, ఏ పొడీ బాగుచెయ్యదు. మా ఊళ్లోనే ఒకాయన పసరు మందు నమ్మి డయాలసిస్ మానేశాడు, ఆ నెల దాటలేదు. కాబట్టి తప్తపాణికి వెళ్తే క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూపే రక్తపరీక్ష అంకె) తగ్గుతుందని ఎవరైనా మీకు చెబితే దయచేసి నమ్మకండి. నేను చెబుతున్నది ఇంకో సంగతి.

బెల్జియంలో ఆర్డెన్ అడవి కొండల నడుమ ఒక లోయలో స్పా అనే ఊరు ఉంది. ఇప్పుడు మన టౌన్లలో మసాజ్ దుకాణాల మీద కనిపించే మాట ఆ ఊరి పేరే. ఆ ఊరి ఊటనీళ్లలో ఇనుము రుచి. శతాబ్దాల పాటు యూరప్ నలుమూలల నుంచి రోగులు అక్కడికి వచ్చేవారు. రష్యా చక్రవర్తి పీటర్ 1717లో వచ్చి ఆ నీళ్లు తాగాడు, ఒక ఊటకి ఆయన పేరే ఉంది. అలా వచ్చి ఉండేవాళ్లని స్థానికులు బోబెలిన్లు అని పిలిచేవారు. 2021లో యునెస్కో స్పాతో కలిపి ఏడు దేశాల్లోని పదకొండు ఇలాంటి ఊళ్లని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వాటి గురించి చదువుతుంటే నాకు తాతయ్య మూటే గుర్తొచ్చింది. అక్కడి ధనవంతులు చేసిందీ, మా తాతయ్య చేసిందీ ఒకటే. పొద్దున నీళ్లు, సాయంత్రం నడక, మధ్యలో తనలాంటి ఇంకో రోగితో కబుర్లు. ఆయనకి పెద్ద హోటల్ బదులు చెట్టు నీడ ఉండేది, అంతే తేడా.

ఆ ఊళ్లు చాలావరకు ఎందుకు వెలవెలబోయాయో కూడా చెప్పుకోవాలి. మందులొచ్చాయి. దీనికి మనకి దగ్గరి ఉదాహరణ క్షయ. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం 1915లో మొదలైంది. మంచి గాలి, మంచి తిండి, నెలల తరబడి విశ్రాంతి, అదే వైద్యం. స్ట్రెప్టోమైసిన్ 1943లో కనుక్కున్నారు, తరవాత ఇంకొన్ని మందులు వచ్చాయి. అప్పుడు ఒక ప్రశ్న లేచింది, మందు ఇస్తున్నప్పుడు శానిటోరియం కూడా కావాలా? దానికి జవాబు చెప్పింది మన మద్రాసే. 1956లో అక్కడ క్షయ చికిత్స పరిశోధన కేంద్రం పెట్టారు. నగరంలోని 193 మంది పేద రోగుల్లో కొందరికి ఇరుకిళ్లలోనే మందులిచ్చారు, కొందరిని శానిటోరియంలో ఉంచి అవే మందులిచ్చారు. 1959లో ఫలితాలు వచ్చాయి. ఇంట్లో ఉన్నవాళ్లూ దాదాపు అంతే బాగా కోలుకున్నారు. ఇంట్లోవాళ్లకి జబ్బు అంటుకోవడం కూడా ఎక్కువ కాలేదు. ప్రపంచమంతా ఆ మాట విన్నది. శానిటోరియాలు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి, లేదా మామూలు ఆసుపత్రులయ్యాయి.

నేను ఆ పరిశోధనని తప్పు పట్టను. లక్షలమంది పేదవాళ్లు ఇల్లు వదలకుండా, కూలి పోగొట్టుకోకుండా బతికారు. గాలి మార్పు వల్లే క్షయ తగ్గుతుందన్న నమ్మకం తప్పని అది రుజువు చేసింది. చెయ్యాల్సిన పని అది. కానీ క్షయ ఆరు నెలలకి తగ్గిపోయే జబ్బు అయింది. మావయ్య జబ్బు అలా కాదు. ఇంకో కిడ్నీ దొరికితే తప్ప మిషన్ నుంచి దిగే రోజు లేదు. సోమ, బుధ, శుక్ర, బతికినన్నాళ్లూ. తగ్గిపోయే జబ్బుకి మందు ఒక్కటే చాలు. తగ్గని జబ్బుతో ఏళ్ల తరబడి బతకాల్సిన మనిషికి ఇంకేదో కావాలి. శానిటోరియాలు మూసేటప్పుడు మనం వాటి వైద్యాన్నీ, అవి ఇచ్చే తీరికనీ ఒకే కట్టగా కట్టి పక్కన పెట్టేశాం. గాలి మార్పు అనే మాట కూడా మా ఇళ్లలోంచి దాంతోపాటే పోయింది. జర్మనీలో ఇప్పటికీ దీర్ఘరోగులకి డాక్టరు రాసిస్తే, బీమా సంస్థలు ఖర్చు పెట్టుకొని మూడు వారాలు ఇలాంటి ఊళ్లకి పంపుతాయి. అదేదో విలాసమని అక్కడ ఎవరూ అనుకోరు. మన దగ్గర మాత్రం జబ్బు మనిషి ఊరు చూస్తానంటే "ఈ ఒంటితోనా" అంటాం. నేను కూడా అన్నాను.

"పేదవాడికి వైద్యమే సరిగా అందనప్పుడు విహారం ఏంటి" అనేవాళ్లు ఉంటారు. ఈ వాదన నాకు కోపం తెప్పిస్తుంది. మా జిల్లాలో బాగా పేరున్న ఒక క్షేత్రమే ఈ మాటకి జవాబుగా నిలబడి ఉంది. టెక్కలి పక్కన రావివలస ఎండల మల్లికార్జునుడు. శ్రీకాకుళం జిల్లాలో ఆ స్వామిని ఎరగనివాళ్లు ఉండరు. కార్తీక సోమవారాల్లో కిక్కిరిసిపోతుంది. ఆ లింగం మీద పైకప్పు ఉండదు, స్వామి ఎండలోనే ఉంటాడు, అందుకే ఎండల మల్లన్న. కథేమిటంటే, లంక నుంచి తిరిగి వస్తున్న రాముడు సుమంచ పర్వతం దగ్గర జనం రోగాలతో అల్లాడుతుంటే చూశాడు. సంజీవని ఆనవాళ్లు హనుమంతుడికి చెప్పిన వైద్యుడు సుషేణుడు, నేను ఇక్కడే ఉండిపోయి వీళ్లని చూసుకుంటానన్నాడు. కొన్నాళ్లకి హనుమంతుడు వచ్చి చూసేసరికి సుషేణుడు శరీరం వదిలేసి ఉన్నాడు. ఆయన మీద జింక చర్మం కప్పి మల్లెపూలు పెట్టాడు. రాముడు వచ్చి ఆ చర్మం తీసేసరికి అక్కడ లింగం, దాని మీద మల్లెపూలు. మల్లిక, అజినం, ఆ రెండు మాటల మీద మల్లికాజిన స్వామి, అదే వాడుకలో మల్లికార్జునుడు అయ్యిందంటారు. అక్కడి కొలనులో స్నానం చేసి, ఆ కొండగాలి తగిలితే జబ్బులు పోతాయని జనం నమ్మకం.

ఇది పురాణం, వైద్యశాస్త్రం కాదు. కానీ మా పల్లెల ఊహలో వైద్యుడు ఎలాంటివాడో చూడండి. మందిచ్చి వెళ్లిపోలేదు, రోగులున్న చోటే ఉండిపోయాడు. నీళ్లు, గాలి, ఎండ, పక్కన మనిషి. ఇవి పేదవాడికి దొరకాల్సినవేనని మావాళ్లు ఎప్పుడో తేల్చుకున్నారు, దేవుడికి కూడా గొడుగు పట్టకుండా.

ఇక అసలు కష్టం. మావయ్యని ఒక్క పగలు తీసుకెళ్లగలిగాను కానీ తాతయ్యలా వారం ఉంచలేను. సోమవారానికి మిషన్ దగ్గర ఉండాలి. వేరే ఊళ్లో డయాలసిస్ చేయించుకోవడం వైద్యపరంగా పెద్ద సంగతేమీ కాదు. రోగి పొడి బరువు (ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువు) ఎంత, ఏ సూదులు, హెపటైటిస్, హెచ్ఐవీ రిపోర్టులు, చివరి మూడుసార్ల వివరాలు, ఈ కాగితాలు ముందే పంపితే చాలు. బయటి దేశాల్లో రోగులు ఇలా సెలవులకి వెళ్లి వస్తుంటారు, దాన్ని హాలిడే డయాలసిస్ అంటారు. నేను బరంపురంలో ఒకచోటికి ఫోన్ చేసి అడిగాను. ఫోనెత్తినవాళ్లు కసురుకోలేదు, కానీ ఆ ప్రశ్నే వాళ్లకి కొత్త. "పేషెంటు ఇక్కడికి ఎందుకు వస్తున్నారు?" అని మూడుసార్లు అడిగారు. ఊరు చూడ్డానికి అంటే నమ్మలేదు. మా వైపు సెంటర్లో అడిగితే, బాగుండగా ఎందుకండీ ఈ టెన్షన్ అన్నారు.

2016లో జాతీయ డయాలసిస్ కార్యక్రమం వచ్చింది. జిల్లా ఆసుపత్రులకి మిషన్లు వచ్చాయి. మన రాష్ట్రంలో డయాలసిస్ రోగులకి నెలకి 10 వేల పింఛను ఉంది. ఇవన్నీ పోరాడితే వచ్చినవి, వాటి విలువ మా ఇంటికి తెలుసు. వీటి పక్కన నేను అడిగేది చాలా చిన్నది. బారువ సముద్రం ఒడ్డునో, రావివలస కొండ పక్కనో, నాలుగు మిషన్లూ పది గదులూ ఉన్న ఒక విశ్రాంతి ఇల్లు. ఉద్దానం రోగి, తోడుగా ఇంటి మనిషి, ఏడాదికి ఒక్క వారం. ఉప్పు తక్కువ వంట తెలిసిన వంటమనిషి. తోడొచ్చిన ఆడవాళ్లకి ఆ వారం వంట పని ఉండకూడదు. అత్త కూడా నాలుగేళ్లుగా ఏ ఊరూ చూడలేదన్న సంగతి నాకు తప్తపాణి గట్టు మీద కూర్చున్నప్పుడే తట్టింది. ఆవిడ వెనకాల నిలబడి ఉంది, సీసా పట్టుకొని. నేను పిలిచేదాకా నీళ్లలో కాలు పెట్టలేదు.

తప్తపాణిలో ఇప్పుడు వారాల తరబడి ఉండేవాళ్లు నాకు కనిపించలేదు. ఒడిశా పర్యాటక శాఖ అతిథి గృహం ఉంది, బాగానే ఉంది. మేమున్న రెండు గంటల్లో వచ్చిన కుర్రాళ్లంతా ఫొటోలు తీసుకొని, చంద్రగిరి దాటి జిరాంగ్ బౌద్ధారామం వైపు వెళ్లిపోయారు. వాళ్లని తప్పుపట్టను, వాళ్లకి కాళ్లు బాగున్నాయి. ఆ చెట్ల కింద మూట విప్పి పొయ్యి రాజేసుకున్న మా తాతయ్య లాంటివాళ్లు కూర్చున్న జాగా మాత్రం ఖాళీగా ఉంది. మావయ్య దాన్ని గుర్తుపట్టాడు. ఇదిగో, ఇక్కడే అమ్మ గంజి వార్చేది, అని చెప్పుల కాలితో నేల మీద గీత గీసి చూపించాడు.

తిరిగొచ్చేటప్పుడు ఇచ్ఛాపురంలో టీ తాగాం. ఆయనకి అర కప్పు. అత్త అలవాటుగా సీసా మూత తీసి, అంత నీళ్లు ఎక్కడ పొయ్యాలో తెలియక చుట్టూ చూసి, రోడ్డు పక్క గడ్డి మీద పోసింది. ఆ రాత్రి మావయ్య కాళ్లు కడుక్కోనన్నాడట, గంధకం వాసన పోతుందని.

సోమవారం నేనే ఆసుపత్రికి తీసుకెళ్లాను. సూదులు గుచ్చారు, మిషన్ తిరగడం మొదలైంది. మామూలుగా గోడ వైపు తిరిగి పడుకునే మనిషి ఆ రోజు పక్క మంచం వైపు తిరిగాడు. కవిటి వైపు మనిషి ఆయన, రెండేళ్లుగా పక్కపక్కనే పడుకుంటున్నారు, నాకు తెలిసి పెద్దగా మాట్లాడుకోలేదు. మావయ్య మొదలుపెట్టాడు. కొండ రోడ్డు, సాల చెట్లు, వాసన, సీలమండ దగ్గర వెచ్చదనం, ఎప్పుడో కురిసిన వాన. నాలుగు గంటల్లో సగం దాని మీదే గడిచింది. ఆయన అంతా విని, తల ఎత్తకుండానే, "మనలాంటోళ్లని దిగనిస్తారేటి?" అని అడిగాడు.

"పాదాలు పెట్టుకోవొచ్చు" అన్నాడు మావయ్య. "పది నిమిషాలు. డాక్టరు కాయితం మీద రాసిచ్చాడు." తరవాత నా వైపు తిరిగి, కారులో ఎంతమంది పడతారని అడిగాడు.